దగ్గుట నిషిద్ధం

"ఈ దుకాణంలో దగ్గుట నిషిద్ధం. — యాజమాన్యం."

ప్రజల ఆరోగ్యం కోసం ఇంత గొప్ప చట్టం ఉస్మాన్‌గంజ్‌లో ఇంతకుముందు ఎవరూ చేయలేదు. నీలం రేకు మీద తెల్లటి అక్షరాలతో రాయించి, మంచి ముహూర్తం చూపించి, వైకుంఠం సేఠ్ ఆ బోర్డును తన ఎండుమిర్చి దుకాణంలో స్వయంగా మేకు కొట్టి తగిలించాడు. కొబ్బరికాయ కొట్టడానికి వచ్చిన పంతులుగారు మంత్రం మధ్యలో మూడుసార్లు దగ్గారు. ఆయన దుకాణం సిబ్బంది కాదు కాబట్టి సేఠ్ క్షమించాడు.

ఈ చట్టం ఊరికే పుట్టలేదు. మనిషి రోజులో ఎక్కువ గంటలు నాలుగు గోడల మధ్యే గడుపుతాడని, ఇంట్లోనూ పనిచోటా గాలి బాగుంటేనే ఒళ్లు బాగుంటుందని ఒక డాక్టరమ్మ వచ్చి వర్తక సంఘానికి ఉపన్యాసం ఇచ్చింది. సభ్యులు చప్పట్లు కొట్టి, సమోసాలు తిని, అప్పటికప్పుడు "ఆరోగ్య దుకాణం" అనే షీల్డు ఏటా ఇవ్వాలని తీర్మానించారు. దుకాణంలో గాలి బాగుందని ఎలా తేల్చాలి? దాని మీద మూడు సమావేశాలు జరిగాయి. చివరికి అందరికీ అర్థమయ్యే కొలత ఒకటి కుదిరింది. కమిటీ వచ్చి గంటసేపు కూర్చుంటుంది. ఆ గంటలో సిబ్బందిలో ఎవరు దగ్గినా ఒక్కో దగ్గుకు ఒక్కో మార్కు కోత.

మొదటి ఏడాది షీల్డు ఎదురు దుకాణంలోని పసుపు వ్యాపారి రామ్‌చందర్‌కు పోయింది. తనిఖీ రోజున పనివాళ్లందరికీ సెలవిచ్చి, ఒక్కడే కూర్చుని గంటసేపు చిరునవ్వు నవ్వాడట. ఆ షీల్డు మీద ఇత్తడితో చేసిన రెండు ఊపిరితిత్తులు ఉంటాయి. దూరం నుంచి చూస్తే వంకాయల్లా కనిపిస్తాయి. రామ్‌చందర్ దాన్ని సరిగ్గా వైకుంఠం సేఠ్ కుర్చీకి ఎదురుగా కనబడేట్టు పెట్టుకున్నాడు. ఏడాది పొడుగునా సేఠ్‌కు ఆ వంకాయలు చూడక తప్పలేదు.

అంతమాత్రాన సేఠ్‌కు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదనుకుంటే పాపం తగులుతుంది. దుకాణంలో తన కోసం అద్దాల గది కట్టించుకుని, ఏసీ పెట్టించుకున్నాడు. కొడుకు శ్రవణ్ గాలి శుభ్రం చేసే యంత్రాన్నీ, గాలి కొలిచే మీటరునూ తెప్పించి పెట్టాడు. మీటరు మీద బొమ్మ ముఖం ఉంటుంది. గాలి బాగుంటే పచ్చగా నవ్వుతుంది, పాడైతే ఎర్రగా ఏడుస్తుంది. మొదటి రోజే అగరుబత్తి వెలిగించగానే అది ఏడ్చింది. దేవుడి ధూపానికి ఏడ్చే యంత్రాన్ని నమ్మేంత అమాయకుడు కాడు సేఠ్. పూజ వేళ దాని మీద జేబురుమాలు కప్పడం నేర్చుకున్నాడు. రుమాలు తీశాక ఇంకా ఏడుస్తుంటే మరో గంట కప్పి ఉంచేవాడు. ఈ పద్ధతి వల్ల ఆ గదిలో గాలి ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉండేది.

అద్దాలకు అవతల తొమ్మిదిమంది ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవారు. వాళ్లలో పెద్దది గౌలిపుర ఎల్లమ్మ. ఇంట్లో రెండు బర్రెల పాలు పిండి, వాడకం ఇళ్లకు పోసి, తొమ్మిదింటికల్లా దుకాణానికి వస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఆమె కూర్చునే చోటు మారలేదు. ఆమె దగ్గూ మారలేదు. బోర్డు తగిలించిన రోజు అక్షరాలు కూడబలుక్కుని చదివి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అద్దాల గది తలుపు దగ్గరికి వచ్చింది.

"సేఠ్, దగ్గు అడిగి వస్తదా? వస్తె ఏం జెయ్యాలె?"

"బయటికి పోయి దగ్గు. బయట దగ్గింది లెక్కలకు రాదు," అన్నాడు సేఠ్.

"బయటికి పోతె వస్తలేదు సేఠ్. లోపలికొస్తెనే వస్తున్నది."

"చూసినవా మరి. అది రోగం కాదు, అలవాటు. మానుకో."

ఎల్లమ్మ మానుకునే ప్రయత్నం చేస్తున్నట్టు ఒక నిమిషం ఊపిరి బిగబట్టింది. తర్వాత అంది, "ఎనక కిటికీకి అడ్డం పెట్టిన బస్తాలు తీపిస్తె జర గాలాడుతది. పద్దెనిమిదేండ్ల సంది చెప్తున్న."

"కిటికీ తెరిస్తె సడక్ మీది దుమ్మంత లోపలికి రాదా? ఆరోగ్యం సంగతి మీకేం తెలుస్తది?"

మిరపకారం పొగమంచులా కమ్ముకున్న గోదాములోకి రోడ్డు మీది దుమ్ము వస్తుందని సేఠ్ భయం. ఎల్లమ్మ రోడ్డు మీదికి వెళ్లి దగ్గి వచ్చింది.

తనిఖీకి పదిరోజులుందనగా సేఠ్‌కు ఇంకో ఆలోచన తట్టింది. బస్తాలు పైకప్పు దాకా పేర్చిన దుకాణాన్ని చూసి ఆరోగ్యకరమని ఏ కమిటీ అంటుంది? దుకాణం ఖాళీగా, విశాలంగా కనిపించాలి. వెనక కిటికీకి అడ్డమున్నవి తప్ప మిగతా బస్తాలకు దుకాణం పైన ఇల్లు ఉండనే ఉంది. మొదట హాలులో ఒక మూల, తర్వాత మంచాల కింద, ఆ తర్వాత మనవరాలు ఆశ్రిత పడుకునే గదిలో బస్తాలు చేరాయి. ఆ గదిలో ఉన్న ఒక్క కిటికీ బస్తాల వెనక మాయమైంది. ఆరేళ్ల ఆశ్రిత తన బొమ్మల్ని బస్తాల మీద వరసగా కూర్చోబెట్టి బస్సు ఆట ఆడుకుంది. పిల్లకు అంతకు ముందు నుంచే దగ్గు ఉండేది. మూడో రోజుకు ఆ దగ్గు ఎక్కువై, ఆడుతూ ఆడుతూ మధ్యలో కూర్చుండిపోవడం మొదలుపెట్టింది.

ఇంటి పెద్దదిక్కు, సేఠ్ భార్య సావిత్రమ్మకు కారణం వెంటనే తెలిసిపోయింది. దిష్టి! రోజూ దీపాల వేళకు ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టి, మనవరాలి చుట్టూ మూడుసార్లు తిప్పి కుంపట్లో వేసేది. దిష్టికి ఒక లెక్క ఉంది. మిరపకాయలు కాలినప్పుడు ఘాటు వస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు. ముప్పై ఎనిమిదేళ్లుగా మిర్చి గోదాము మీద కాపురముంటున్న ఆ ఇంట్లో ఏ ఒక్కనాడూ ఘాటు వచ్చిన పాపాన పోలేదు. పిడికెడు వేసినా రాదు, దోసెడు వేసినా రాదు.

"అబ్బా, ఎంత దిష్టి ఉన్నదో సూడుండ్రి. ఒక్కరికి సుత ఘాటు కొడ్తలేదు," అనేది సావిత్రమ్మ భర్తతో. ఆయన గట్టిగా ముక్కెగబీల్చి, నిజమే సుమా అన్నట్టు తల ఊపేవాడు. ఆ ఎదురింటి వాళ్ల కళ్లే అని ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చేవారు.

ఆ ఇంట్లో దగ్గేది ఇద్దరే. ఒకరు ఆశ్రిత, ఇంకొకరు శ్రవణ్ భార్య స్రవ్య. ఆమె కరీంనగర్ నుంచి కోడలిగా వచ్చి ఏడేళ్లే అయింది కాబట్టి ఆమె ముక్కు ఇంకా ఈ ఇంటి ముక్కు కాలేదు. పిల్లను తీసుకుపోయి డాక్టరుకు చూపించుకొచ్చి, మామగారి ముందు నిలబడింది.

"మామయ్యా, డాక్టరు ఏమన్నదో తెలుసా? పీల్చే పంపు మందు రాసింది కానీ, ముందు గదిల గాలి మార్చమన్నది. ఆ బస్తాలు తీయనంతవరకు ఏ మందు పనిచెయ్యదన్నది."

"శనివారం తనిఖీ ఉన్నది గదమ్మా. అయిపోనియ్యి. సోమవారం పొద్దుగాల్నే దింపిస్త."

"అప్పటిదాక పిల్ల ఊపిరి ఆపుకొని కూసుంటదా? దుకాణంల పెట్టినట్టు ఇంట్ల కూడ ఒక బోర్డు పెట్టుండ్రి మరి." స్రవ్య మందు చీటీ ఆయన ముందు పెట్టింది. "ఇంకొక్కసారి పిల్లకు ఆయాసమొచ్చిందంటే యాకుత్‌పురాల మా చిన్నమ్మ ఇంటికి తీస్కపోత. ఈ బస్తాలు ఉన్నంతకాలం తీస్కరాను. చెప్పలేదనద్దు."

రోజూ బడికి పోయేముందు ఆశ్రిత అద్దాల గదిలోకి వచ్చి మీటరుకు గుడ్‌మార్నింగ్ చెప్పి, అది ఎలా ముఖం పెడితే తానూ అలాగే ముఖం పెట్టి తాతను నవ్వించిపోతుంది. ఆ నవ్వుతోనే ఆయనకు దుకాణం తెరిచినట్టు. పిల్ల లేని ఇల్లు ఊహించుకోవడం కూడా ఆయన వల్ల కాలేదు. అయినా శనివారానికి నాలుగే రోజులున్నాయి. ఎదురుగా వంకాయలు తళతళమంటున్నాయి. నాలుగు రోజులకే ఏమవుతుందిలే అనుకున్నాడు.

శనివారం వచ్చింది. పనివాళ్లతో సేఠ్ ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. దగ్గు వచ్చేట్టుంటే "చాయ్" అని చెప్పి బయటికి పోవాలి. అంత దాకా కొంగు నోట్లో కుక్కుకోవాలి. ఇక దుకాణం మీద అందరి కళ్లూ పడే రోజు కదా అని సావిత్రమ్మ కమిటీ రావడానికి పావుగంట ముందు కుంపటి పట్టుకొచ్చి, అద్దాల గదిలో తలుపేసి, దోసెడు మిరపకాయలు కాల్చింది. ఎప్పటిలాగే ఘాటు రాలేదు. మీటరు మీద రుమాలు ఉంది.

కమిటీలో ముగ్గురు. పోయినేడు గెలిచిన హోదాలో రామ్‌చందర్, సంఘం కార్యదర్శి, అప్పట్లో ఉపన్యాసం ఇచ్చిన డాక్టర్ భాగ్యశ్రీ. విశాలమైన దుకాణాన్ని చూసి కార్యదర్శి ముచ్చటపడ్డాడు. ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు. కార్యదర్శి గడియారం చూసి, "తనిఖీ ప్రారంభించడమైనది," అని పుస్తకంలో రాసుకున్నాడు.

"సేఠ్, చాయ్," అంటూ లేచింది ఒకామె. రెండు నిమిషాలకు, "చాయ్ సేఠ్," అంటూ ఇంకొకామె. ఎల్లమ్మ ఐదుసార్లు చాయ్ తాగింది. ఒక దశలో తొమ్మిదిమందీ బయటే ఉన్నారు. రోడ్డు మీది నుంచి దగ్గులు ఒకదాని వెంట ఒకటి వినబడుతున్నాయి. రామ్‌చందర్ మెడ చాచి చూశాడు.

"బయటి దగ్గు లెక్కలకు రాదు భాయ్," గుర్తుచేశాడు సేఠ్.

డాక్టర్ భాగ్యశ్రీ కళ్లు తుడుచుకుంటూ అడిగింది, "మీ దగ్గర అందరూ ఇంత చాయ్ ఎందుకు తాగుతున్నారండీ?"

"మనదగ్గర పనోళ్లకు స్వేచ్ఛ ఎక్కువ మేడమ్. రండి, నా కేబిన్ చూద్దురు. గాలి మీటరు సుత ఉన్నది."

అద్దాల తలుపు తెరిచి డాక్టరమ్మను మర్యాదగా లోపలికి పంపాడు సేఠ్. ఆమె రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. నోరు తెరిచి, మూసి, గోడ పట్టుకుని వంగిపోయి, ఆగకుండా దగ్గడం మొదలుపెట్టింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. వెనకే వచ్చిన కార్యదర్శి గుమ్మం నుంచే పరుగెత్తాడు. సేఠ్, సావిత్రమ్మ మాత్రం కుంపటి పక్కనే హాయిగా నిలబడి, ఆమెకేమైందా అని ఆశ్చర్యపోతున్నారు.

"పొలమారిందేమో, నీళ్లియ్యిండ్రి," అంది సావిత్రమ్మ.

"మీకు... మీకు వాసన రావడం లేదా?" అని డాక్టరమ్మ ఎలాగో అడగగలిగింది.

"ఏం వాసన?" అన్నాడు సేఠ్. ఎల్లమ్మ చాయ్ మానేసి లోపలికొచ్చి, డాక్టరమ్మ రెక్క పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది.

దుకాణం మధ్యలో అంతకంటే పెద్ద పంచాయతీ మొదలైంది. ఆ దగ్గులు కనీసం ఇరవై ఉంటాయని, అన్నీ కోత వేయాల్సిందేనని రామ్‌చందర్ పట్టుబట్టాడు. నియమావళి ప్రకారం దగ్గు అనగా సిబ్బంది దగ్గు మాత్రమేనని, డాక్టరమ్మ సిబ్బంది కాదని సేఠ్ వాదించాడు. కార్యదర్శి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నియమావళి తిరగేస్తున్నాడు. అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. స్రవ్య పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తుకొస్తోంది. కింద కాల్చిన మిర్చి పొగ మెట్ల మీదుగా పైకి పోయింది. పైన బస్తాల గదిలో అది బయటికి పోయే దారి లేదు. ఆశ్రిత ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. దగ్గడానికి కూడా ఆ పిల్లకు ఊపిరి చాలడం లేదు.

"ఈ పాప సిబ్బందా?" అని అడిగాడు రామ్‌చందర్, నోరు జారి.

వైకుంఠం సేఠ్ నియమావళి సంగతే మరిచిపోయాడు. చేతులు చాచి పిల్ల కోసం ముందుకొచ్చాడు కానీ స్రవ్య ఆగలేదు. ఆయన్ని దాటుకుని రోడ్డు మీదికి వెళ్లింది. అరుగు మీద ఎల్లమ్మ ఒళ్లో పిల్లను కూర్చోబెట్టి, డాక్టరమ్మ పంపు మందు పట్టించింది. పదిహేను నిమిషాలకు పిల్ల ఊపిరి కుదురుకుంది. ఆ పదిహేను నిమిషాలూ సేఠ్ చెప్పుల్లేకుండా రోడ్డు మీద నిలబడి, తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు. పిల్ల కళ్లు తెరవగానే స్రవ్య ఆటో పిలిచింది. "మామయ్యా, నేను చెప్పిన," అని మాత్రం అంది.

మూడో రోజున ఫలితాలు ప్రకటించారు. తనిఖీ సమయమున సిబ్బంది దగ్గులు: సున్న. ఆరోగ్య దుకాణం: వైకుంఠం సేఠ్ ఎండుమిర్చి దుకాణం. కిటికీలు తెరవాలని, ఇంట్లోంచి బస్తాలు తీయాలని, కుంపటి ఆపాలని డాక్టర్ భాగ్యశ్రీ రెండు పేజీలు రాసిచ్చింది. కమిటీ వాటిని "ఇతర విషయములు" అనే శీర్షిక కింద భద్రపరిచింది.

సేఠ్ ఇత్తడి ఊపిరితిత్తుల్ని చంకలో పెట్టుకుని సన్మానం నుంచి నేరుగా యాకుత్‌పురా వెళ్లాడు. రైల్వే స్టేషన్ పక్క సందులో స్రవ్య చిన్నమ్మ సుందరమ్మది రెండు గదుల ఇల్లు. రెండు గదులకూ రెండు వైపులా కిటికీలు. రైలు పోతే గిన్నెలు మోగుతాయి కానీ, గాలి మాత్రం ఇటు నుంచి అటు పోతుంది. ఆశ్రిత మంచం మీద గెంతులేస్తోంది.

"చూడమ్మా, మనది ఆరోగ్య దుకాణమని సర్టిఫికెటు సుత ఇచ్చిన్రు. ఇంటికి పోదాం పాండ్రి," అన్నాడు సేఠ్, షీల్డు కోడలి ముందు పెడుతూ.

"మామయ్యా, బస్తాలు ఏడున్నయ్?"

సేఠ్ రైలు కోసం చూస్తున్నట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. బస్తాలు దుకాణంలోకి దింపితే షీల్డు నవ్వులపాలవుతుంది. దింపకపోతే పిల్ల రాదు. పిల్ల లేకుండా ఇంటికి పోనని భీష్మించుకుని ఆయన కూడా అక్కడే ఉండిపోయాడు. ఒకరోజు అనుకున్నది ఆరు రోజులైంది. సుందరమ్మ పెట్టింది తిన్నాడు, కిటికీ కింద పడుకున్నాడు, మనవరాలిని బడికి దింపి వచ్చాడు. నాలుగో రోజున కూరలో పోపు వాసన తెలిసింది. ఐదో రోజు తెల్లవారుజామున వాన పడబోయే ముందు మట్టి వాసన వచ్చింది. ఇదేందని లేచి కూర్చున్నాడు. చిన్నప్పుడెప్పుడో తెలిసిన వాసన అది.

ఏడో రోజు పొద్దున, సుందరమ్మకు మరీ భారమవుతున్నానని సిగ్గేసి, షీల్డు చంకలో పెట్టుకుని ఉస్మాన్‌గంజ్ వచ్చాడు. దుకాణం గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, గొంతులో ఎవరో కొరివి పెట్టినట్టయింది. ఒక దగ్గు. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత లెక్కపెట్టడానికి కార్యదర్శి లేడు. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, చంకలో షీల్డు ఊగిపోతోంది. ఎదురుగా నీలం బోర్డు కనిపించింది. తొమ్మిదిమంది పని ఆపి ఆయన్నే చూస్తున్నారు.

"సేఠ్," అంది ఎల్లమ్మ మెల్లగా, "బయట."

ఆయన బయటికి వచ్చాడు. ఎల్లమ్మ మంచినీళ్ల చెంబు తీసుకుని వెనకే వచ్చి, అరుగు మీద జరిగి చోటిచ్చింది. "ఈడ దగ్గుండ్రి. ఈడ దగ్గింది లెక్కలకు రాదు."

"ఎల్లమ్మా, రోజు గిట్లనే ఉంటదా?"

"ఇది తక్కువనే సేఠ్. ఇయ్యాల ఇంక కొత్త మాల్ ఇప్పలేదు."

భర్త వచ్చాడని, వస్తూనే దగ్గుతున్నాడని పైన సావిత్రమ్మకు తెలిసింది. షీల్డు వచ్చిన నాటి నుంచీ ఉస్మాన్‌గంజ్ కళ్లన్నీ ఆయన మీదే ఉన్నాయి మరి. కుంపటి, దోసెడు మిరపకాయలతో పరుగున దిగి వచ్చి, అరుగు మీదే ఆయన చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. పొగ లేచింది. సేఠ్ ఎగిరి అరుగు దిగి, రెండు చేతులతో ముక్కు మూసుకున్నాడు.

"ఘాటు! తీసెయ్యి సావిత్రీ, ఘాటు కొడ్తున్నది!"

సావిత్రమ్మ చేయి గాల్లోనే ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మాట వినడం ఇదే మొదటిసారి. "ఘాటు కొట్టిందా? అయితె మీకు దిష్టే లేదు గద," అంది. ఆ వెంటనే నిజంగా తెలియక అడిగింది, "మరి దగ్గు ఎందుకొస్తున్నది?"

సేఠ్ తల ఎత్తాడు. పైన మనవరాలి గది కిటికీ అద్దానికి ఆనుకుని గోనెలు కనబడుతున్నాయి. వాటి మధ్య ఇరుక్కుని ఒక బొమ్మ చేయి కనిపించింది. రోజూ దోసెడు మిరపకాయలు తన చేత్తోనే ఏరి పైకి పంపింది ఆయనే. ఆ దగ్గు వేళ పిల్లకు ఎట్లా ఉండిందో ఇప్పుడు తన గొంతులో తెలుస్తోంది. ఏడుపు వచ్చింది. కళ్లల్లో నీళ్లు ముందే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

"పైన గదిల బస్తాలన్ని దింపుండ్రి," అన్నాడు. "దుకాణం ఎనక కిటికీ కాడియి సుత తీయుండ్రి."

"ఏడ పెట్టాలె సేఠ్?" అని అడిగింది ఎల్లమ్మ.

"నా అద్దాల గదిల. తలుపేసెయ్యుండ్రి."

మధ్యాహ్నానికి అద్దాల గది పైకప్పు దాకా నిండిపోయింది. మీటరు ఎక్కడో బస్తాల కింద రుమాలు కప్పుకుని ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ల తర్వాత వెనక కిటికీ తెరుచుకుంది కానీ, రెక్క నిలబడకుండా మాటిమాటికీ మూసుకుపోతోంది. ఎల్లమ్మ అటూ ఇటూ చూసి, అరుగు మీద పడి ఉన్న షీల్డు తెచ్చి, ఇత్తడి ఊపిరితిత్తుల్ని రెక్కకు అడ్డంగా దట్టించింది. సేఠ్ చూశాడు కానీ వద్దనలేదు. కోడలికి ఫోను చేసి బస్తాలు తీసేశానన్నాడు. ఆమె నమ్మలేదు. పిల్ల గది కిటికీలోంచి ఎదురింటి గోడ కనబడేట్టు ఫొటో తీసి పంపమంది. పంపాడు.

ఎదురు దుకాణంలో అదే సమయానికి రామ్‌చందర్ నిచ్చెన ఎక్కి కొత్త బోర్డు తగిలిస్తున్నాడు. దాని మీద అక్షరాలు ఇంకా పెద్దవి: "ఈ దుకాణంలో దగ్గుట, తుమ్ముట, ముక్కు చీదుట నిషిద్ధం." మేకు కొడుతూ ఆయన రెండుసార్లు తుమ్మాడు. అరుగు మీద తన కుర్చీ వేయించుకున్న వైకుంఠం సేఠ్ అది చూసి నవ్వబోయి, దగ్గాడు.